ఇల్లు విడుచునాటి లెక్క

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలు చెప్పిన సామెత మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఇల్లు కట్టుకొనలేనివాని పాట్లు ఆ సామెతలో చేరలేదు. “అద్దె యిల్లు విడిచి చూడు” అను మూడవ మాటను దానికి జోడింపవలసిన కాలము వచ్చినదని నా అభిప్రాయము. ఇంటిలో చేరునాడు యజమానియు, కిరాయిదారును ఒకరి మంచితనమును మఱియొకరు మెచ్చుకొందురు. విడుచునాడు ఇద్దరును మాటలు మాని గోడల వంక చూతురు. ఈ రెండు దినముల నడుమ గోడలేమి చేసినవి? అవి పాతబడినవి. ఆ పాతదనమునకు ధర ఎవరు చెల్లింపవలయునన్నదే నేటి వ్యాసమునకు విషయము.

వేసవి సెలవుల చివర హనుమకొండ వీథులలో నిలిచి చూచినచో ఈ దృశ్యము ప్రతిదినమును కానవచ్చును. చిన్న లారీలలో మంచములు, బీరువాలు, వంటపాత్రల మూటలు, అన్నిటిమీదను ఒక తులసి కుండీ. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అను ఈ మూడూళ్ళ నగరము చిరకాలముగా వచ్చి పోవువారి ఊరు. కాజీపేట జంక్షను రైల్వే ఉద్యోగులను రప్పించినది. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు పనివారిని రప్పించినది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, కాకతీయ వైద్య కళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును ఏర్పడి విద్యార్థులను వేలకొలది రప్పించినవి. మిల్లు మూతపడినది. ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా పేరు మార్చుకొన్నది. కాని గదుల ముందు వ్రేలాడు “టు-లెట్” పలకలు మాత్రము తగ్గలేదు. ఉపాధ్యాయులకు బదిలీలు, విద్యార్థులకు పరీక్షలు తప్పనంతకాలము ఇల్లు విడుచు లెక్కయు తప్పదు.

నా సొంత అనుభవమునే ముందుగా విన్నవించెదను. హనుమకొండలో ఒక యింటి క్రింది భాగమున మేము నాలుగేండ్లుంటిమి. నెలకు కిరాయి తొమ్మిది వేలు. చేరునాడు రెండు నెలల కిరాయి, అనగా 18,000 రూపాయలు, అడ్వాన్సుగా నిచ్చితిని. యజమాని ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి. మేడమీద ఆయనయు, ఆయన భార్యయు ఉండెడివారు. నాలుగేండ్లలో ఒక్కనాడును మాకు మాటపట్టింపు రాలేదు. పండుగనాడు వారి యింటి సకినాలు మాకును, మా యింటి పాయసము వారికిని చేరుచుండెడివి. ఈ సంగతి ముందుగా చెప్పుటకు కారణమున్నది. వివాదము చెడ్డవారి నడుమనే పుట్టునని అనుకొనుట పొరపాటు.

సామాను లారీకెక్కించిన తరువాత ఆయన ఒక కాగితపు ముక్క నా చేతికిచ్చిరి. గోడలకు రంగులు 11,000. మేకుల రంధ్రములు పూడ్చుట 1,000. నల్లా 600. కిటికీ అద్దము 400. ఇల్లు కడిగించుట 1,500. వెరసి 14,500. నాకు రావలసినది 3,500 రూపాయలు.

“సారూ, మీరు మంచోళ్ళే. కాని గోడలు సూడుండ్రి, ఎట్లయినయో” అని ఆయన చూపుడువ్రేలు పడకగది మూలకు చాపిరి. అచట చెమ్మ దిగి పెచ్చులూడిన మాట నిజమే. ఆ చెమ్మ మేము చేరునాటికే ఉన్నదని నేనంటిని. “ఉంటే ఆనాడే చెప్పాలె గద సారూ!” అని ఆయన యడిగిరి.

ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయినది. ఏదియైనను వ్రాసి పెట్టుకొనుడని ఇరువది యేండ్లుగా పిల్లలకు బోధించుచున్న నేను, నా రెండు నెలల కిరాయిని ఒకరి చేతిలో పెట్టునాడు ఒక్క పంక్తియు వ్రాసికొనలేదు. ఆయనయు వ్రాయించుకొనలేదు. మంచితనముమీద నమ్మకముంచితిమని ఇద్దరము అనుకొంటిమి. నిజమునకు మేము చేసినది బద్ధకము.

ఆ రాత్రి కొత్త యింటిలో, ఇంకను విప్పని మూటల నడుమ కూర్చుండి పాత ఛాయాచిత్రములు వెదకితిమి. చేరిన వారము దినములకు మా అమ్మాయి పుట్టినరోజు వచ్చినది. ఆనాడు ఫోనుతో తీసిన చిత్రములో పిల్లల వెనుక గోడకు రంగు బుడగలు కట్టియున్నవి. ఆ బుడగల ప్రక్కనే చెమ్మ మరక, నేడున్న చోటనే, స్పష్టముగా నున్నది. చిత్రము తీసిన తేదీయు ఫోనులోనే నిలిచియున్నది. పుట్టినరోజు పండుగ మాకు సాక్ష్యమైనది.

మరునాడు కోపము తగ్గిన తరువాత కాగితము తీసికొని ఆయన పద్దులకు ఎదురుగా నా పద్దులు వ్రాసితిని. అద్దము మావాడు బంతితో పగులగొట్టినది, కావున 400 నావి. నల్లా మేము వాడగా పాడైనది, 600 నావి. అలమర బిగించుటకై కొట్టిన మేకును పెరికినప్పుడు సిమెంటు పెద్దముక్కగా నూడి వచ్చినది, అదియు నాదే, 1,000. పిల్లల గదిలో ఒక గోడమీద రంగు పెన్సిళ్ళతో బొమ్మలున్నవి, దాని పాలు క్రింద 500. వెరసి 2,500. ఇల్లు మేము ఊడ్చి కడిగియే అప్పగించితిమి, కావున ఆ పద్దు చెల్లదు. ఇంటికంతటికిని రంగుల వ్యయము నాదెట్లగును? మేము చేరకముందు వేసిన రంగు నాలుగేండ్ల యెండకును, గాలికిని వెలిసినది. మేము లేకున్నను వెలిసియే యుండును. చెమ్మ మేడమీది స్నానపుగది గొట్టమునుండి దిగినది. ఈ లెక్క ప్రకారము నాకు రావలసినది 15,500, ఇచ్చినది 3,500, మిగిలినది 12,000. ఇంతవరకు వ్రాసి, పుట్టినరోజు చిత్రము ప్రతిని జతచేసి, ఉత్తరము స్వయముగా ఆయనకందించితిని.

వారము గడచిన తరువాత వీథిలో మా యిద్దరికిని తెలిసిన ఒక పెద్దమనిషి ముందు కూర్చుంటిమి. ఆయన చిత్రమును చాలసేపు చూచి, ఏమియు ననక పదివేలు లెక్కపెట్టి యిచ్చిరి. రెండువేలను నేను విడిచితిని. అది ఔదార్యమో, అలసటయో నేటికిని నాకు తేలలేదు. అయితే నాకొక్కటి తేలినది. నేను ఉపాధ్యాయుడను గనుకను, వ్రాయనేర్చినవాడను గనుకను, ఆ ఊరిలోనే ఉన్నవాడను గనుకను ఆ పదివేలు వచ్చినవి. ఇవి లేనివాని గతి యేమి?

అట్టివారిలో మొదటివాడు విద్యార్థి. నలుగురు పిల్లలు కలిసి ఒక గది తీసికొందురు. అడ్వాన్సును నలుగురు పంచుకొని ఇత్తురు. ఏనుమాముల మార్కెట్టులో ప్రత్తి అమ్మిన తండ్రి పంపిన సొమ్ములో అదియొక భాగము. పరీక్షలైన మరునాడే ముగ్గురు ఊళ్ళకు పోవుదురు. చివర నున్నవాడు తాళపుచెవి అప్పగించునప్పుడు, “అడ్వాన్సు రంగులకే సరిపోయింది, పో బాబూ” అన్న మాట విని రైలెక్కును. వానికి చట్టము తెలియదు. తెలిసినను మూడువేల రూపాయలకై మూడుసార్లు వచ్చి పోవుటకు చార్జీలకే అవి చాలవు. ఆ గదిలోనికి అదే నెలలో మరి నలుగురు వత్తురు. గోడకు రంగు మాత్రము పడదు. వెనుకటివారి యడ్వాన్సును మింగిన ఆ మాసిన గోడయే, మరుసటి యేడు వీరి యడ్వాన్సును కూడ మింగును.

చట్టము ఈ విషయమున మూగది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ విభాగము కిరాయిదారుని బాధ్యతను చెప్పుచున్నది. వేరు ఒడంబడికగాని, స్థానికాచారముగాని లేనిచో, అతడు ఇంటిని తాను పుచ్చుకొన్ననాటి స్థితిలోనే తిరిగి అప్పగింపవలయును. కాని సమంజసమైన వాడుకవలన కలుగు అరుగుదలకును, మానవశక్తికి లోబడని విపత్తులవలన కలుగు మార్పులకును అతడు బాధ్యుడు కాడు. ఈ మినహాయింపులోనే సర్వమును ఉన్నది. నడిచినచోట గచ్చు అరుగును. చేయి తగిలినచోట తలుపురంగు పోవును. ఇది అరుగుదల. గొడ్డలితో కొట్టిన తలుపు, పగిలిన అద్దము, ఊడదీసిన స్విచ్చు బోర్డు, ఇవి నష్టము. మొదటిదానికి యజమాని నెలనెలయు కిరాయి పుచ్చుకొన్నాడు. మరల రంగుల పేర దానినే పుచ్చుకొనుట ఒక వస్తువును రెండుమార్లు అమ్ముట యగును. ఆ విభాగమే మఱియొక మాటయు చెప్పుచున్నది: కిరాయిదారుని తప్పువలన లోపమేర్పడినదని యజమాని తెలియపరచినచో, అతడు మూడు నెలలలో దానిని సరిచేయవలయును. అనగా లోపమును ఎప్పటికప్పుడు తెలియపరచుట యుక్తము. విడుచునాటి వరకు దాచి లెక్కలో చూపుట యుక్తము కాదు.

ఒడంబడికలో “ఖాళీ చేయునప్పుడు అడ్వాన్సు తిరిగి యీయబడదు” అని వ్రాసియున్నదే యని కొందరు దిగులుపడుదురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ విభాగము ప్రకారము, కాగితముమీద ఎంత మొత్తము వ్రాసికొన్నను, దానికి మించకుండ సమంజసమైన పరిహారము మాత్రమే లభించును. కైలాస్‌నాథ్ అసోసియేట్స్ వ్యాజ్యములో 2015లో సుప్రీం కోర్టు ఈ విభాగమును వివరించుచు, నష్టము గాని హాని గాని లేనిచోట పరిహారము లేదని స్పష్టపరచినది. కావున రశీదు చూపుమని అడుగుట అమర్యాద కాదు. నష్టము కలిగినదన్నవాడే దానిని చూపవలయును.

అద్దెల నియంత్రణ మనకు కొత్తది కాదు. హైదరాబాదు రాష్ట్రములో 1954లోనే ఇండ్ల అద్దెల నియంత్రణ చట్టము వచ్చినది. వరంగల్లు అప్పుడు ఆ రాష్ట్రములోనిదే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రెండు ప్రాంతములకును కలిపి ఒక చట్టము చేయబడినది. తెలంగాణ రాష్ట్రము దానిని తన పేర స్వీకరించినది. కాని ఆ చట్టము ఒక పరిమితికి మించిన కిరాయిలకును, కొత్తగా కట్టిన ఇండ్లకును వర్తింపకపోవుటచే, నేటి కిరాయిదారులలో పెక్కుమంది దాని నీడకు వెలుపలనే ఉన్నారు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఒక నమూనా కిరాయి చట్టమును ఆమోదించినది. నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదనియు, ఇల్లు అప్పగించిన నాడే, న్యాయముగా తగ్గింపవలసినది తగ్గించి, మిగిలినది తిరిగి యీయవలయుననియు అందు కలదు. అంతకంటె ఉపయోగకరమైనది దాని అనుబంధములోని పట్టిక. గోడలకు వెల్ల, తలుపులకును కిటికీలకును రంగు, నీటి గొట్టముల మార్పిడి, విద్యుత్తు తీగెల పని యజమాని వంతు. నల్లాలు, కాలువ శుభ్రము, స్విచ్చులు, తాళములు, పగిలిన అద్దములు కిరాయిదారుని వంతు. నా పద్దులను ఆ పట్టికతో తరువాత పోల్చి చూచితిని. నల్లాయు, అద్దమును నావే, రంగు ఆయనదే. అయితే ఇది నమూనా మాత్రమే. ఇండ్ల కిరాయి రాష్ట్రముల విషయము గనుక శాసనసభ చేసిననే గాని నమూనా చట్టము కానేరదు. కాకున్నను న్యాయమెటువైపున నున్నదో చూపుటకు ఆ పట్టిక చాలును.

ఇంగ్లండు దేశములో మఱియొక మార్గము త్రొక్కిరి. 2004 నాటి గృహచట్టము ప్రకారము 2007 ఏప్రిల్ నుండి, సాధారణ నివాసపు కిరాయిలలో యజమాని పుచ్చుకొన్న అడ్వాన్సు ప్రభుత్వామోదము గల రక్షణ పథకములో చేరవలయును. వివాదము వచ్చినచో ఆ పథకము వారే మధ్యవర్తిత్వము నెరపుదురు. సొమ్ము ఒకరి పెట్టెలో నుండగా రెండవవాడు వాదించుట కష్టమని వారు గ్రహించిరి. మన చిక్కంతయు ఇదియే. నాకును నా యజమానికిని గల వివాదములో న్యాయము ఎటువైపున నున్నను సొమ్ము ఆయన వైపుననే ఉండెను.

యజమానుల పక్షమున చెప్పవలసినదియు కలదు. అది చెప్పనిచో ఈ వ్యాసమే అన్యాయమగును. కిరాయి యిచ్చువారందరు ధనికులు కారు. భర్త పోయిన తరువాత ముందుగది ఒకటి కిరాయికిచ్చి ఆ వచ్చుబడితో మందులు కొనుక్కొను స్త్రీలు ఈ నగరములో ఎందరో ఉన్నారు. మూడు నెలల కరెంటు బిల్లు కట్టక, తలుపు గడియ విరిచి, రాత్రికి రాత్రి పోయిన కిరాయిదారులును ఉన్నారు. అట్టి దెబ్బ ఒకసారి తిన్నవారు తరువాతి వారినందరిని అనుమానింతురు. అడ్వాన్సు అను ఆచారము ఈ భయమునుండి పుట్టినది, భయము న్యాయమైనదే. కాని ఒకడు చేసిన నష్టమును మఱియొకని యొద్ద రాబట్టుట న్యాయము కాదు. అరుగుదల తనది కాదని వాదించు కిరాయిదారుడు, తాను చేసిన నష్టమును దాచకూడదు. నేను నా పద్దులలో అద్దమును ముందుగా వ్రాయుటకు కారణమదియే. తన తప్పు ఒప్పుకొన్నవాని మాటకు తక్కిన విషయములలో బరువు హెచ్చును.

ఇక చేయవలసినదేమి? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె చేరునాడే మేలుకొనుట మంచిది. ఒక తెల్లకాగితముమీద గది గదికి పంక్తులు గీసి, గోడ, గచ్చు, తలుపు, కిటికీ, నల్లా, స్విచ్చులు ఎట్లున్నవో ఇద్దరును కలిసి చూచి వ్రాయవలయును. మీటరు అంకె వ్రాయవలయును. చెమ్మ ఉన్నచోట చెమ్మ అని వ్రాయవలయును. క్రింద ఇద్దరును సంతకము చేసి చెరియొక ప్రతి ఉంచుకొనవలయును. ప్రతి గదికిని చిత్రము తీయవలయును. అడ్వాన్సు చేతికిచ్చినచో రశీదు పుచ్చుకొనవలయును. విడుచునాడు ఆ కాగితమునే చేతబట్టి ఇద్దరును మరల తిరుగవలయును. ఇందుకు అరగంట పట్టును.

అప్పటికిని తెగనిచో మర్యాదగా ఉత్తరము వ్రాసి, పద్దు పద్దుకు జవాబు చెప్పి, గడువు పెట్టవలయును. దానికిని ఫలము లేనిచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టము క్రింద ఏర్పడిన ఈ సంస్థ, దావా వేయకముందే ఇరుపక్షములను పిలిచి రాజీ కుదుర్పగలదు. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో అది కోర్టు తీర్పుతో సమానము. దానిపై అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, నిర్ణీతమైన ఆదాయమునకు లోబడినవారికిని న్యాయసహాయము ఉచితము. ఊరు విడిచి పోయినంతమాత్రమున హక్కు పోదు. సొమ్ము రాబట్టు దావాకు సాధారణముగా మూడేండ్ల గడువు కలదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. మన పిల్లలచేత సెలవుచీటీలు, ప్రధానోపాధ్యాయునకు విన్నపములు వ్రాయింతుము. ఒక్కసారి తరగతి గదినే అద్దె గదిగా భావించి, దాని స్థితి పట్టిక వ్రాయింపుడు. సగముమంది యజమానులుగాను, సగముమంది కిరాయిదారులుగాను నిలిచి, ఏది అరుగుదల, ఏది నష్టము అని వాదింతురు గాక. బల్లమీద మోచేతులు పెట్టిపెట్టి నునుపెక్కిన చోటు ఏది, కొనకత్తితో పేరు చెక్కిన చోటు ఏది అని వారే చూపుదురు. భాషయు, లెక్కయు, పౌరశాస్త్రమును ఒకే గంటలో వచ్చును. రేపు పట్టణమునకు పోయి గది తీసికొనునది ఆ పిల్లలే.

ఈ సందర్భమున మన ఓరుగంటి ప్రభువు ఒకడు తలపునకు వచ్చుచున్నాడు. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్రతీరమునందలి మోటుపల్లిలో ఒక అభయశాసనము వేయించెను. అంతకుముందు రాజులు తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు బలవంతముగా పట్టుకొనెడివారు. గణపతిదేవుడు దానిని మాన్పించి, నిర్ణీతమైన సుంకము మాత్రమే పుచ్చుకొందునని ప్రకటించి, గంధమునకింత, కర్పూరమునకింత, ముత్యములకింత అని రేట్లు కూడ రాతిపై చెక్కించెను. వర్తకులకు కావలసినది రాజు దయ ఒక్కటియే కాదు. ఎంత తీసికొనబడునో ముందుగా తెలియుట. రాజు మారినను రాయి మారదు గదా!

ఇల్లు విడుచువాడు ఓడ పగిలినవాడు కాడు. కాని సామాను వీథిలోను, పిల్లలు లారీమీదను, సొమ్ము పరుల చేతిలోను ఉన్న ఆ గంటలో అతనికి గల బలము అంతకంటె ఎక్కువేమియు కాదు. అట్టివాని యొద్ద ముందుగా చెప్పినదానికంటె ఒక్క రూపాయి ఎక్కువ పుచ్చుకొనరాదని ఏడువందల యెనుబది యేండ్ల క్రిందట ఈ నగరమునుండి ఏలినవాడు రాతిమీద చెక్కించెను. మనకు రాయి అక్కరలేదు. రెండు సంతకములు గల ఒక కాగితము చాలును.

మొన్న కొత్త యింటి యజమానురాలిని నేనటువంటి కాగితమడిగితిని. ఆమె మొదట నన్ను వింతగా చూచెను. పిమ్మట కండ్లజోడు తెచ్చుకొని, నాతోకూడ గది గదియు తిరిగి, వంటింటి కిటికీ రెక్క సరిగా పడదని తానే చెప్పి వ్రాయించెను. “ఇంతకుముందు ఎవరూ ఇట్ల అడగలే సారూ, అందుకే ప్రతిసారి లొల్లి అయితుండె” అని ఆమె అన్నది. ఆ కాగితము ఇప్పుడు మా బీరువాలో, అమ్మాయి పుట్టినరోజు చిత్రము ప్రక్కన, భద్రముగా నున్నది.